హక్కు ముందా, అంగీకారం ముందా?

నల్లమల లోపలి చెంచు పెంటలను, అంటే చెంచుల చిన్న గూడేలను, అమ్రాబాద్ పులుల అభయారణ్యం నుంచి బయటి మైదానాలకు తరలించాలన్న ప్రతిపాదన అచ్చంపేట ప్రాంతంలో ఏళ్ల తరబడి నలుగుతున్నది. ఇష్టపడి వెళ్లే కుటుంబానికి 15 లక్షల రూపాయల నగదు గానీ, ఆ విలువకు సాగుభూమి, ఇల్లు కలిపిన పునరావాసం గానీ ఇవ్వాలన్నది కేంద్రం నడిపే పులుల సంరక్షణ సంస్థ నియమం. దీని మీద ఇద్దరు బంధువుల మధ్య జరిగిన వాదం ఇది. ఒకరు అటవీ శాఖలో రేంజి అధికారిగా పనిచేసి విరమించి అచ్చంపేటలో స్థిరపడినవారు. రెండోవారు ఆయన భార్యకు తమ్ముడు, దేవరకొండలో వకీలు. నా మొగ్గు వకీలు వైపే, అది దాచను. అయితే అధికారి అడిగిన వాటిలో కొన్నింటికి నా దగ్గర కూడా పూర్తి జవాబు లేదు.

అధికారి: బామ్మర్దీ, నువ్వు చదివింది చెప్తావు, నేను చూసింది చెప్తాను. ఒక వానకాలం రాత్రి లోపలి పెంట నుంచి నిండు గర్భిణిని మా శాఖ జీపులో మన్ననూరుకు తెచ్చాను. వాగు దగ్గర బండి దిగబడితే నలుగురం దిగి నెట్టాం. ఆమె తల కింద మడిచి పెట్టిన గోనెసంచి తడిసి ముద్దయింది. ఆమె మూలగలేదు, పెదవి కొరుక్కుని పడుకుంది. తల్లి దక్కింది, బిడ్డ దక్కలేదు. ఆ పెంట రోడ్డు పక్కన ఉండి ఉంటే ఆ బిడ్డ ఈపాటికి బడికి పోయేది. మీరంతా హక్కులు అన్నప్పుడల్లా నాకు ఆ గోనెసంచి కళ్ల ముందుకు వస్తుంది.

వకీలు: ఆ రాత్రి సంగతి అక్క నాకు చాలాసార్లు చెప్పింది బావా. అందులో మీ మనసును నేను శంకించను. కానీ పెంట దాకా దవాఖాన రాకపోవడం అడవి చేసిన తప్పా, మనం చేసిన తప్పా? 2006 అటవీ హక్కుల చట్టం మూడో సెక్షన్ చదవండి. బడి, దవాఖాన, అంగన్‌వాడీ, తాగునీరు, కరెంటు తీగ, రోడ్డు వంటి పనులకు ఒక్కోదానికి హెక్టారు లోపు అటవీ భూమిని, హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకుండా, గ్రామసభ సిఫారసు మీద ఇవ్వవచ్చని అందులోనే రాసి ఉన్నది.

అధికారి: రాసి ఉన్నది నిజమే, కానీ అభయారణ్యం లోపల అది ఒక్కటే చాలదు, వన్యప్రాణి చట్టం అనుమతులు వేరే ఉంటాయి. బోరు కావాలని వచ్చిన అర్జీని నేనే ఒకసారి తిప్పి పంపాను. నిబంధన అట్లా ఉండె. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉన్నది.

వకీలు: లోపల బోరు వేయనివ్వం, వేయనివ్వం కాబట్టి నీళ్లు లేవు, నీళ్లు లేవు కాబట్టి బయటికి రండి అంటున్నాం. ఈ వరుసలో చెంచు మనిషి ఎంచుకున్నది ఏముంది? ఆ కుటుంబం చివరికి సంతకం పెడితే దాన్ని మీరు ఇష్టం అంటారు. నేను అలసట అంటాను.

అధికారి: అయితే వాళ్లను లోపలే ఉంచాలంటావు. నీ పిల్లలు హైదరాబాద్‌లో చదువుకుంటారు, వాళ్ల పిల్లలు గడ్డలు తవ్వుకుంటూ ఉండాలి, అంతేనా?

వకీలు: ఉంచాలనీ తీయాలనీ నేను చెప్పడం లేదు. ఆ రెండు మాటలూ మనవి కావన్నదే నా వాదం. ఇది కొంచెం ఓపికగా వినండి బావా, ఎందుకంటే నా పట్టు అంతా ఇక్కడే ఉన్నది. ఆ చట్టం తన పీఠికలోనే అడవి బిడ్డలకు చారిత్రక అన్యాయం జరిగిందని ఒప్పుకున్నది. పార్లమెంటు అంత సూటిగా ఒప్పుకోవడం అరుదు. ఆ అన్యాయం మన ప్రాంతంలో ఎట్లా జరిగిందో చూడండి. 1940లలో హైమన్‌డార్ఫ్ అనే మానవ శాస్త్ర పండితుడు చెంచుల నడుమ తిరిగి, వారి బతుకును గ్రంథంగా రాసి, నిజాం సర్కారుకు సలహా ఇస్తే, అమ్రాబాద్ పీఠభూమి మీద వారి కోసం ప్రత్యేకంగా ఒక రిజర్వును ఏర్పాటు చేశారు. అది ఒక రాజ్యం ఒక జాతికి ఇచ్చిన మాట. ఆ తరువాత రాజ్యం మారింది. 1950లో ఆ ప్రాంతపు ఊళ్లను, అప్పాపూర్, రాంపూర్, సార్లపల్లి, కొల్లంపెంట వంటి పెంటలను పేరు పేరునా షెడ్యూల్డ్ ప్రాంతంలో, అంటే గిరిజనుల రక్షణకు రాజ్యాంగం కింద గుర్తించిన ప్రాంతంలో, చేర్చారు. అది రెండో మాట. 1978లో అభయారణ్యం వచ్చింది, 1983లో పులుల సంరక్షణ కేంద్రం వచ్చింది. ఆ రెండుసార్లూ పెంటల్లో కూర్చుని ఎవరైనా అడిగారా? 2006లో హక్కుల చట్టం మూడో మాట ఇచ్చింది. అందులో చెంచుల వంటి ఆదిమ సమూహాలకు ఆవాస హక్కు అని ఒకటి ఉన్నది. చెంచు పోడు కొట్టి జొన్న వేసుకునే రైతు కాడు. తేనె, జిగురు, గడ్డలు, వాగు, దేవర ఉండే గుండు, ఇవన్నీ కలిసినదే అతని భూమి. నాలుగెకరాల పట్టాలో అది ఇమడదు, అందుకే ఆ హక్కును వేరుగా రాశారు. మధ్యప్రదేశ్‌లోని దిండోరిలో బైగా గిరిజనులకు 2015లో దాన్ని గుర్తించారు. ఇక నాలుగో సెక్షన్ ఏమంటున్నది? ఆ ప్రాంతంలో హక్కుల గుర్తింపు పూర్తి కావాలి, మనుషులూ మృగాలూ కలిసి బతకడానికి మరో దారి లేదని తేలాలి, గ్రామసభ స్వేచ్ఛగా, అన్నీ తెలుసుకుని, రాతపూర్వకంగా ఒప్పుకోవాలి, కొత్తచోట భూమీ వసతులూ సిద్ధం కావాలి. ఇవన్నీ అయ్యాకే తరలింపు. హక్కు ముందు, అంగీకారం తరువాత. తనకు ఉన్నది ఏమిటో కాగితం మీద చూపకుండా, దాన్ని వదులుకుంటావా అని అడిగితే ఆ మనిషి ఏమని జవాబు చెప్పాలి? మా కోర్టులో ఒక రైతు చేత అట్లా సంతకం పెట్టించుకుంటే ఆ దస్తావేజు నిలవదు.

అధికారి: హక్కుల గుర్తింపు ఆగిందంటే దానికి కారణాలు ఉన్నాయి.

వకీలు: ఉన్నాయి. 2017 మార్చిలో పులుల సంరక్షణ సంస్థే పులుల ముఖ్య ఆవాసాల్లో అటవీ హక్కులు ఇవ్వవద్దని ఉత్తర్వు పంపింది. మరుసటి ఏడాది వెనక్కి తీసుకున్నది. మళ్లీ 2024 జూన్‌లో, దేశమంతా పులుల అడవుల నడిబొడ్డున 591 ఊళ్లు, 64,801 కుటుంబాలు ఉన్నాయని లెక్క చెప్పి తరలింపును వేగం చేయమన్నది. హక్కుల దగ్గర లేని వేగం తరలింపు దగ్గర ఎందుకు వచ్చింది?

అధికారి: పులి ఆగదు కాబట్టి. నువ్వు పులిని కాగితం మీద చూశావు. పిల్లలు పెట్టిన ఆడపులికి సందడి లేని చోటు కావాలి. ఎండకాలంలో నీళ్లు ఉండేవి నాలుగైదు చెలమలు, అక్కడికే మనిషి వస్తాడు, అక్కడికే దుప్పి వస్తుంది, అక్కడికే పులి రావాలి. చెంచు పులికి శత్రువని నేను అనను. మా బేస్ క్యాంపుల్లో అడుగుజాడ చూసి ఇది ఆడది, ఇది మగది, ఇది తెల్లవారుజామున పోయింది అని చెప్పేవాళ్లు వాళ్లే. కానీ చెంచు వెనక ఎవరు వస్తారో తెలుసా? తేనె దళారి వస్తాడు, జిగురు వ్యాపారి వస్తాడు, మైదానం నుంచి వందల పశువుల మంద వస్తుంది. చెంచు పేరు మీద ఇచ్చిన హక్కు చెంచు చేతిలో ఎన్నాళ్లు నిలుస్తుంది? ఈ అచ్చంపేట చుట్టూ గిరిజనుల పేరున ఉన్న భూమిని ఎవరు దున్నుతున్నారో నీకు తెలియనిదా?

వకీలు: తెలుసు. ఆ దెబ్బ నాకు తగిలింది బావా, కాదనను. అయినా దొంగ వస్తాడని ఇంటి యజమానిని వెళ్లగొట్టం కదా. సామూహిక హక్కు ఉన్న గ్రామసభకు అడవిని కాపాడే అధికారం కూడా ఐదో సెక్షన్ ఇచ్చింది. మందను ఆపమని ఇవాళ చెంచు అంటే నువ్వెవరు అంటారు. చేతిలో కాగితం ఉంటే ఆ మాట అనలేరు. కర్ణాటకలోని బిళిగిరి రంగన కొండల్లో సోలిగ గిరిజనులకు 2011లో సామూహిక హక్కులు ఇచ్చారు. 2010 లెక్కలో అక్కడ పులులు 35, 2014 లెక్కలో 68.

అధికారి: ఆ నాలుగేళ్లలో కెమెరాలు పెరిగాయి, లెక్కించే పద్ధతి మెరుగుపడింది. ఒక్క కొండ చూపించి దేశానికంతా నియమం చేయవద్దు.

వకీలు: నియమం చేయను. మనుషులు ఉంటే పులి ఉండదన్నది కూడా నియమం కాదని మాత్రం అంటాను.

అధికారి: సరే, అడవిని వదిలి నీ ఊరి సంగతి అడుగుతాను. శ్రీశైలం నీళ్లు తెచ్చే ఎడమగట్టు సొరంగం ఎవరి కోసం తవ్వుతున్నారు? మీ నల్లగొండ ఫ్లోరైడ్ ఊళ్ల కోసం. దాదాపు 44 కిలోమీటర్లు, చాలా మేరకు ఈ అడవి కిందనుంచే. మీ దేవరకొండ వకీళ్లలో ఒక్కరైనా దానికి పెంటల గ్రామసభ ఒప్పుకున్నదా అని అడిగారా?

వకీలు: మీరు నల్లగొండను మధ్యకు లాగడం న్యాయం కాదు. మర్రిగూడ వైపు వంకరపోయిన కాళ్లతో కూర్చున్న ముసలివాళ్లను చూశాక ఎవరూ ఆ నీళ్లు వద్దనలేరు. అదీగాక అది భూమి లోపల పోయే సొరంగం, ఎవరి గుడిసెనూ కదపలేదు.

అధికారి: గుడిసె కదలకపోతే అడగనక్కర లేదని ఏ సెక్షన్ చెప్తున్నది? 2025 ఫిబ్రవరి 22న ఆ సొరంగం కూలి, దోమలపెంట దగ్గర ఎనిమిది మంది కార్మికులు లోపల చిక్కుకుంటే ఒక్కరూ ప్రాణాలతో బయటికి రాలేదు. ఆ రోజుల్లో అడవి నిండా యంత్రాలూ బండ్లూ. అప్పుడు మీకు పెంటలు గుర్తుకు రాలేదు. అవసరం మీదైతే అడవి దేశానిది, అవసరం పులిదైతే అడవి చెంచుది.

వకీలు: నీళ్ల మీద మా జిల్లా కోరిక న్యాయమైనదే. కానీ మేము అడగలేదన్నది నిజం. అడగవలసింది. ఇది ఒప్పుకోవడానికి నాకు కష్టంగా ఉన్నది గానీ ఒప్పుకుంటున్నాను. అయితే అదే ఊళ్ల నుంచి మరొకటి కూడా చెప్తాను. మా వైపు లంబాపూర్, పెద్దగట్టు దగ్గర యురేనియం తవ్వుతామన్నప్పుడు తండాలు ఎదురు నిలిచాయి. 2019లో ఆ యురేనియం అన్వేషణ కోసమే మీ అమ్రాబాద్ అడవిలో 83 చదరపు కిలోమీటర్లకు కేంద్ర అటవీ సలహా సంఘం సూత్రప్రాయంగా సరే అన్నది. జనం రోడ్ల మీదికి వచ్చారు, సెప్టెంబరులో శాసనసభ వ్యతిరేకంగా ఏకగ్రీవ తీర్మానం చేసింది. ఆ రోజు లోపల పెంటలు ఉన్నాయి కాబట్టి ఇది మా చోటు అన్న గొంతు లోపలి నుంచి వచ్చింది. పెంటలు ఖాళీ అయ్యాక ఆ గొంతు ఎవరిది?

అధికారి: మాది. అటవీ శాఖది. అయినా మనుషులను తరలించిన ఆవాసాన్ని మరో పనికి మళ్లించరాదని నువ్వు చెప్పిన చట్టమే అంటున్నది.

వకీలు: ఆ రక్షణ ఆ చట్టం ప్రకారం ప్రకటించిన ఆవాసానికి, ఆ చట్టం చెప్పిన వరుసలో తరలిస్తేనే గట్టిగా నిలుస్తుంది. వరుస తప్పి, నగదు చేతిలో పెట్టి ఖాళీ చేయిస్తే మనుషులతోబాటు ఆ రక్షణ కూడా పలచబడుతుంది. పులి కోసమే అనుకున్నా మీరు నా వైపు ఉండాలి బావా.

అధికారి: (కాసేపు ఆగి) తేనె తీసేటప్పుడు కొండ అంచు నుంచి దిగే చెంచు, పై తాడును తన భార్య తమ్ముడి చేతికే ఇస్తాడు. అక్క ముత్తయిదువుగా ఉండాలని ఆ బామ్మర్ది తాడు వదలడట. నేను అట్లా ఒకరు దిగడం చూశాను. కింద పొగ, పైన ఆ పిల్లవాడు మడమలు రాతికి తన్ని పట్టి వెనక్కి వాలి ఉన్నాడు, అరచేతుల్లో తాడు ఒరుసుకుని తోలు లేచింది. సర్కారును నమ్మమని వాళ్లకు చెప్పడం నా ఉద్యోగంగా ఉండె. అట్లా పట్టుకున్నామా మనం? లేదు. కానీ నువ్వు చెప్పే గ్రామసభ ఆ తాడు పట్టుకోగలదా? మండల కేంద్రంలో షామియానా వేసి, చదవడం రానివాళ్ల చేత వేలిముద్రలు వేయించి సభ అయిందంటారు. అది నా కళ్లతో చూశాను.

వకీలు: అట్లాంటి సభను నేనే కోర్టులో కొట్టేయిస్తాను. 2012లో సవరించిన నియమాల ప్రకారం సభ్యుల్లో సగం మంది ఉండాలి, వచ్చినవారిలో మూడో వంతు ఆడవాళ్లు ఉండాలి. సభ పెంటలోనే జరగాలి. ఆవాస హక్కు పత్రం ముందు ఇచ్చి, అందులోని హద్దులను, వాగుల పేర్లను వాళ్ల మాటల్లో చదివి వినిపించాలి. ఆ తరువాతే తరలింపు ప్రస్తావన ఎత్తాలి. అవునంటే ఆ తీర్మానం నేనే కూర్చుని రాసిపెడతాను, మీ మైదానపు భూమి నీటి వసతి ఉన్నదో లేదో నేనే పోయి చూసివస్తాను. కాదంటే మీరు తిప్పి పంపిన ఆ బోరు అర్జీని మళ్లీ పెట్టిద్దాం. ఈసారి మొదటి సంతకం మీది.

అధికారి: సంతకం పెడతాను. కానీ సగం మంది అంటున్నావు, తేనె కాలంలో పెంటలో ముసలివాళ్లూ చంటిపిల్లల తల్లులూ తప్ప ఎవరూ ఉండరు.

వకీలు: అయితే తేనె కాలం పోయాక పెట్టమనండి.