సమన్లు పుచ్చుకోకపోతే కేసు ఎగిరిపోతుందా, బావగారూ?

ఆ వాట్సాప్ సందేశం ఈ వారంలో నాకు రావడం ఇది ఐదోసారి. ఈసారి పంపినవారు మా పెద్ద బావగారు. ఆంధ్రాలోని పాతపట్నంలో కొన్న బండి మీద రోజూ ఒడిశాలోని పర్లాకిమిడి బజారంతా తిరిగే మనిషి. సందేశం చెప్పేది ఇది: ఆంధ్రా నంబరు బండి మీద ఒడిశా కోర్టు సమన్లు పంపజాలదు; ఒడియాలో ఉన్న కాగితం తెలుగువాళ్ళకు చెల్లదు; ఆరు నెలలు దాటితే చలానా రద్దు; అన్నిటికీ మించి, సమన్లు పుచ్చుకోకపోతే కేసే లేదు.

నంబరు ఎక్కడిదైతేనేం, తప్పు జరిగిన చోటే విచారణ. 1988 నాటి మోటారు వాహనాల చట్టం మహేంద్రతనయ నదికి రెండు ఒడ్డుల మీదా ఒక్కటే.

కోర్టు భాష ఏదో నిర్ణయించేది రాష్ట్ర ప్రభుత్వం. ఒడియా రాకపోతే బడికి వెళ్ళే మేనల్లుడి చేత చదివించుకోండి.

ఆరు నెలల మాటలో నిజం ఉంది, ఒప్పుకుంటున్నాను. జరిమానా ఒక్కటే శిక్షగా ఉన్న నేరానికి కాలపరిమితి అంతే. అయితే లెక్క చూసేది కేసు కోర్టుకు ఎప్పుడు చేరిందన్నది. గడువు దాటాకే చేరిందనుకుంటే ఆ మాట వెళ్ళి న్యాయమూర్తికి చెప్పాలి, అరుగు మీద కూర్చుని పొరుగువాళ్ళకు కాదు.

ఇక అసలు ప్రమాదం చివరి మాటలో ఉంది. మీరు దొరకకపోతే సమన్ల ప్రతిని ఇంట్లో ఉన్న, వయసు వచ్చిన కుటుంబసభ్యులకు ఇచ్చి సంతకం తీసుకోవచ్చు. పాత నేర విచారణ చట్టం సీఆర్‌పీసీలో ఆ సంతకం మగవాళ్ళదే కావాలి. దాని స్థానంలో 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో ఆ పట్టింపు పోయింది. అదీ కుదరకపోతే ఇంటి తలుపుకు అంటిస్తారు. తలుపు సంతకం చేయనక్కరలేదు కదా! ఆ తరువాత కూడా హాజరు కాకపోతే వారెంటు. హెల్మెట్ లేనందుకు పడే జరిమానా వెయ్యి రూపాయలు. దాని కోసం పోలీసు జీపులో ఊరేగాలన్న సరదా ఉంటే ఈ సందేశాన్ని తు.చ. తప్పకుండా పాటించవచ్చు.

అంత భయపడాల్సింది కూడా ఏమీ లేదు. సమన్లు పూర్తిగా చదవండి. చిన్న నేరమైతే, తప్పు ఒప్పుకుంటూ రిజిస్టర్డ్ ఉత్తరం రాసి, అందులో చెప్పిన సొమ్ము కడితే సరిపోతుందని ఉండవచ్చు. ఒప్పుకోకపోతే వకీలును పంపండి. ఆడవాళ్ళకూ, ఎస్సీ ఎస్టీలకూ జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది.

బావగారూ, మొన్న మీరు బరంపురం వెళ్ళినప్పుడు కోర్టు కాగితం వచ్చిందట. అక్క సంతకం పెట్టి తీసుకుని టీవీ వెనక దాచింది. తేదీ వచ్చే మంగళవారం.