తోఫాలోస్ గురించి ఇంకొంచెం రాయాల్సింది

గ్రీస్‌లోని పాత్రాస్ నగరానికి చెందిన వెయిట్‌లిఫ్టింగ్ వీరుడు దిమిత్రియోస్ తోఫాలోస్‌ను మీ వ్యాసంలో గుర్తు చేసినందుకు థ్యాంక్స్ అండీ. కానీ 1906లో ఏథెన్స్‌లో ఒలింపిక్స్ పేరుతో జరిగిన పోటీల్లో ఆయన గెలుపును మీరు రెండు ముక్కల్లో తేల్చేయడం మాత్రం బాధనిపించింది. చిన్నప్పుడు ప్రమాదంలో ఆయన చెయ్యి బాగా దెబ్బతిని, దాన్ని తీసేయాల్సి వస్తుందేమో అన్న పరిస్థితి. చెయ్యి దక్కింది గానీ రెండోదానికన్నా పొట్టిగా మిగిలిపోయింది. బరువులెత్తేవాళ్లకి తెలుస్తుంది, చేతులు సమానంగా లేకపోతే రాడ్ ఒక పక్కకు వాలిపోతుంది. అలాంటి చేతులతో ఆయన 142.4 కిలోలు తలపైకి ఎత్తాడు! ఆస్ట్రియా దిగ్గజం యోసెఫ్ స్టైన్‌బాఖ్ కూడా వెనకబడ్డాడు. ఆ పోటీలను ఒలింపిక్స్ లెక్కలో కలపకపోవడం నా దృష్టిలో అన్యాయమే. ఎత్తిన బరువు అబద్ధం కాదు కదా.

తర్వాత అమెరికా వెళ్లి ప్రొఫెషనల్ కుస్తీలు పట్టాడు, ఫ్రాంక్ గాచ్ లాంటి మొనగాడితోనూ తలపడ్డాడు. వయసు మీద పడ్డాక జిమ్ లోండోస్‌కు మేనేజర్‌గా ఉన్నాడు. 1930ల్లో అమెరికా కుస్తీ రంగాన్ని ఏలిన గ్రీకువాడు ఆ లోండోసే. ఆ విషయం మీరు వదిలేశారు. చివరికి సొంతూరు చేరుకుని 1966లో అక్కడే కన్నుమూశాడు. పాత్రాస్‌లోని పెద్ద ఇండోర్ స్టేడియానికి ఇప్పుడు ఆయన పేరే ఉంది.