సవరణ: పాత లినక్స్ కంప్యూటర్‌లో ముందు తేదీ చూడండి

సైట్లు తెరుచుకోకపోతే డీఎన్‌ఎస్ (సైటు పేరును నెట్ చిరునామాగా మార్చే సేవ) మార్చమనీ, బూట్ మధ్యలో ఆగితే ఎఫ్‌ఎస్‌సీకే (fsck, డిస్కులోని ఫైల్ వ్యవస్థను పరీక్షించి సరిచేసే కమాండ్) నడపమనీ గత పోస్టులో ఉంది. ఆ రెండు సమస్యలూ ఒకే యంత్రంలో కలిసి కనిపిస్తే వరుస మార్చాలి. అన్నిటికన్నా ముందు టెర్మినల్‌లో 'డేట్' (date) కమాండ్ ఇచ్చి చూడండి.

మదర్‌బోర్డు మీది సీఆర్2032 బిళ్ల బ్యాటరీ అయిపోతే, కరెంటు తీసిన ప్రతిసారీ గడియారం ఏళ్ల వెనక్కి పోతుంది. పింగ్ (నెట్ అందుతోందో చూసే పరీక్ష) చక్కగా వెళ్తుంది, సైట్ల పేర్లకు చిరునామాలూ దొరుకుతాయి, కానీ తేదీ వెనకబడినందున బ్రౌజర్ మాత్రం సైటు సర్టిఫికెట్ (అది అసలైన సైటేనని చూపే ధ్రువపత్రం) ఇంకా చెల్లుబాటులోకి రాలేదంటుంది. అలాంటప్పుడు డీఎన్‌ఎస్ ఎన్నిసార్లు మార్చినా ఫలితం ఉండదు. ఉబుంటు, డెబియన్‌లలో అప్‌డేట్లు కూడా ఇదే కారణంతో ఆగిపోవచ్చు.

బూట్ సంగతీ అంతే. డిస్కును చివరిసారి మౌంట్ చేసిన (వాడకానికి జోడించిన) సమయం భవిష్యత్తులో ఉందని తెర మీద వస్తే, అది డిస్కు చెడిపోయిందనడానికి రుజువు కాదు. దయచేసి కంగారుపడి ఫార్మాట్ చేయకండి, అందులో మీ ఫొటోలు, కాగితాలు ఉంటాయి. ముందు బయాస్‌లో (కంప్యూటర్ ఆన్ కాగానే తెరవగల సెట్టింగుల తెరలో) తేదీ సరిచేసి మళ్లీ బూట్ చేయండి. అప్పటికీ ఆగితేనే ఎఫ్‌ఎస్‌సీకే, అదీ లైవ్ పెన్‌డ్రైవ్ (డిస్కును వాడకుండా తనంతట తాను లినక్స్ నడిపే పెన్‌డ్రైవ్) నుంచి. మౌంటై ఉన్న పార్టిషన్ (డిస్కులోని భాగం) మీద నడిపితే ఉన్న డేటా పాడయ్యే ప్రమాదం ఉంది.

బ్యాటరీ మార్చేటప్పుడు ప్లగ్ పీకేయండి. ప్లస్ గుర్తు పైకి ఉండాలి. బయాస్ సెట్టింగులు, ముఖ్యంగా బూట్ ఆర్డర్ (ఏ డిస్కు నుంచి ముందు మొదలవ్వాలన్న వరుస), సాటా మోడ్ (డిస్కుతో మాట్లాడే పద్ధతి), ముందే ఫోన్‌తో ఫొటో తీసుకోండి. బ్యాటరీ తీస్తే అవి మొదటికి రావచ్చు.

తేదీ సరిగ్గానే ఉంటే పాత పోస్టులోని పద్ధతే పాటించండి.