స్టేజీ ఎక్కని ఆల్బమ్: 'రివాల్వర్' మనకు వదిలి వెళ్లిందేంటి?

1966 ఆగస్టు 29న శాన్‌ఫ్రాన్సిస్కోలోని క్యాండిల్‌స్టిక్ పార్క్ స్టేడియంలో బ్రిటిష్ రాక్ బ్యాండ్ బీటిల్స్ 11 పాటలు పాడి, అరగంట దాటగానే దిగిపోయారు. టికెట్టు పెట్టి జనం ముందు వాళ్లు చేసిన ఆఖరి కచేరీ అదే. కొత్త ఆల్బమ్ 'రివాల్వర్' మార్కెట్లోకి వచ్చి అప్పటికి మూడు వారాలైంది, అయినా ఆ టూర్ మొత్తంలో అందులోంచి ఒక్క పాట కూడా వినిపించలేదు. ఆల్బమ్ అమ్ముకోవడానికే టూర్లు వేసే ఇప్పటి లెక్కల్లో చూస్తే ఇది పిచ్చి పని.

పాడలేదు అనడం కన్నా పాడే వీలు లేదు అనడం సబబు. ఉన్నది నలుగురు, చేతిలో రెండు గిటార్లు, ఒక బేస్, ఒక డ్రమ్ సెట్. 'ఎలినార్ రిగ్బీ'కి ఎనిమిది మంది తంత్రీ వాద్యకారుల్ని ఎక్కడి నుంచి తెస్తారు? 'ఐ యామ్ ఓన్లీ స్లీపింగ్'లో టేపు తిరగేయడంతో వెనక్కి నడిచే గిటార్‌ని ఎవరు వాయిస్తారు? అదీగాక స్టేడియంలో అభిమానుల అరుపులకు వాళ్ల పాట వాళ్లకే వినపడేది కాదు. అప్పటికే బ్యాండ్ గాయకుల్లో ఒకడైన జాన్ లెనన్ తాము జీసస్ కంటే పాపులర్ అయిపోయామని అన్న మాట మీద అమెరికా దక్షిణాదిలో వాళ్ల రికార్డులు తగలబెడుతున్నారు. విసిగిపోయి ఉన్నారు. టూర్లు మానేశారు.

'రివాల్వర్' ప్రభావం అనగానే అందరూ సితార్, మత్తులో తేలుతున్నట్టుండే సైకడెలిక్ సౌండ్, ఎల్ఎస్‌డీ అనే మత్తుమందు అని మొదలుపెడతారు. అవన్నీ ఉన్నాయి, కాదనను, కానీ అవి ఆ కాలపు ఫ్యాషన్లు, కాలంతోపాటే పోయాయి. నిలబడింది వేరే. పాటంటే ముందు ఎక్కడో పాడుకున్నదాన్ని టేపు మీద భద్రం చేయడమే కాదు, టేపు మీదే పాటను పుట్టించొచ్చు అన్న ధీమా. ఈ రోజు బెడ్‌రూమ్‌లో లాప్‌టాప్ ముందు కూర్చుని బీట్ తయారుచేసే ఏ కుర్రాడైనా, ఆ ఆల్బమ్ పేరు విననివాడైనా సరే, పని చేస్తున్నది ఆ ధీమాతోనే.

వాళ్ల మొదటి ఆల్బమ్‌లోని 14 పాటల్లో 10 పాటలు 1963 ఫిబ్రవరి 11న ఒకే ఒక్క రోజులో రికార్డయ్యాయి. స్టేజీ మీద ఏం వాయిస్తారో అదే స్టూడియోలోనూ వాయించారు. మూడేళ్ల తర్వాత 'రివాల్వర్'కి పట్టింది ఏప్రిల్ 6 నుంచి జూన్ 21 దాకా, 220 గంటలకు పైగా. స్టూడియో అదే, లండన్ అబ్బే రోడ్‌లోని ఈఎంఐ. ప్రొడ్యూసర్ అదే మనిషి, జార్జ్ మార్టిన్. మారింది ఇంజినీర్: జెఫ్ ఎమెరిక్, వయసు 20. ఆ వయసువాడికి ప్రపంచంలోకెల్లా పెద్ద బ్యాండ్‌ని అప్పగించడం సాహసమే, కానీ ఏది చేయకూడదో ఇంకా ఒంటబట్టని వయసు కూడా అదే. డ్రమ్‌కి ఇంత దూరంలోనే మైకు పెట్టాలని సంస్థ నియమం ఉంటే అతను దగ్గరికి జరిపాడు, బాస్ డ్రమ్‌లో ఉన్ని స్వెటర్ కుక్కాడు. ఆ దెబ్బ మోత ఇప్పటికీ గుండెకు తగులుతుంది.

మొదలుపెట్టిందే ఆల్బమ్‌లో ఆఖరున వచ్చే పాటతో. 'టుమారో నెవర్ నోస్'. ఎల్ఎస్‌డీని ప్రచారం చేసిన అమెరికన్ మనస్తత్వవేత్త టిమోతీ లియరీ బృందం టిబెట్ మృత్యు గ్రంథాన్ని ఆధారం చేసుకుని రాసిన పుస్తకం చదివి లెనన్ కట్టిన పాట. కొండ మీద నుంచి దలైలామా, ఆయన వెనక సన్యాసులు జపిస్తున్నట్టు తన గొంతు వినిపించాలని ఆయన కోరిక. టిబెట్ వెళ్లడం ఎలాగూ కుదరదు కాబట్టి ఎమెరిక్ ఆ గొంతును హామండ్ ఆర్గన్‌కి వాడే లెస్లీ స్పీకర్‌లోకి పంపాడు. లోపల గిరగిరా తిరిగే స్పీకర్ అది, దాని ముందు మైకు పెట్టి మళ్లీ రికార్డు చేశారు. మరునాడు అసలు పని జరిగింది. బ్యాండ్‌లో బేస్ వాయించే పాల్ మెకార్ట్‌నీ తన ఇంట్లో టేపు ముక్కల్ని గుండ్రంగా అతికించి తయారుచేసిన లూపులు తెచ్చాడు. సముద్రపు పక్షుల అరుపులా వినిపించేది నిజానికి వేగం పెంచిన మనిషి నవ్వు. అయిదు లూపుల్ని బిల్డింగ్‌లో ఉన్న వేరువేరు టేపు మిషన్ల మీద ఒకేసారి తిప్పారు, టేపు జారిపోకుండా సిబ్బంది పెన్సిళ్లతో పట్టుకుని నిలబడ్డారు, ఇక్కడ మిక్సింగ్ బల్ల దగ్గర వీళ్లు ఏ లూపు ఎప్పుడు పైకి తేవాలో, ఎప్పుడు తగ్గించాలో అప్పటికప్పుడు చేతులతో ఆడించారు. అందుకే ఆ మిక్స్‌ను మళ్లీ అచ్చం అలాగే చేయడం అసాధ్యమని మార్టిన్ తర్వాతి కాలంలో చెబుతుండేవారు.

ఇక్కడ అభిమానులు కాస్త గొప్పలు పోతారు. టేపు లూపుల్ని బీటిల్స్ కనిపెట్టలేదు. పారిస్‌లో పియెర్ షేఫర్ 1940ల్లోనే రికార్డు చేసిన శబ్దాల్ని మళ్లీ మళ్లీ తిప్పి, కలిపి సంగీతం చేశాడు, జర్మనీలో స్టాక్‌హౌజన్ 50ల్లో చేశాడు, 1965లో స్టీవ్ రైక్ ఒక వీధి ప్రసంగీకుడి మాటను రెండు లూపులుగా తిప్పి మొత్తం రచన కట్టాడు. ఒకే మనిషి తన మీద తానే పొరలు పొరలుగా వాయించుకోవడం లెస్ పాల్ బీటిల్స్ కన్నా చాలా ముందే చేసి చూపించాడు. స్టూడియోని ఓ వాయిద్యంలా వాడటానికి వస్తే, అమెరికన్ బ్యాండ్ బీచ్ బాయ్స్ ఆల్బమ్ 'పెట్ సౌండ్స్' 1966 మేలోనే వచ్చేసింది. ఆ తర్వాత జమైకాలో కింగ్ టబ్బీ మిక్సింగ్ బల్ల మీదే పాటను విప్పి మళ్లీ కట్టిన డబ్ సంగీతం గానీ, న్యూయార్క్‌లో డీజేలు రెండు టర్న్‌టేబుల్స్‌తో పుట్టించిన హిప్‌హాప్ గానీ బీటిల్స్ దయ వల్ల రాలేదు. అవి వాటి పేటల్లో, వాటి అవసరాల కోసం పుట్టినవి. ఈ రెండింటినీ 'రివాల్వర్' ఖాతాలో రాసే వ్యాసాలు అప్పుడప్పుడూ కనిపిస్తాయి, చదివితే చిరాకేస్తుంది.

మరి వీళ్లు చేసిందేంటి? ప్రయోగశాలలో, పదిమంది మేధావుల మధ్య ఉన్న పనిని తీసుకొచ్చి 'యెల్లో సబ్‌మెరీన్' ఉన్న రికార్డులోనే పెట్టారు. పిల్లలు పాడుకునే పాట, పన్నుల మీద చిరాకు పాట, ఒంటరి ముసలావిడ చావు మీద పాట, ఫ్రెంచ్ హార్న్ వినిపించే ప్రేమ పాట, చివర్లో 'టుమారో నెవర్ నోస్'. 14 పాటలు, 35 నిమిషాలు. కొన్నవాడు వేరే పాట కోసం కొన్నాడు, దీన్నీ విన్నాడు. కొత్తదనం ఎవరు ముందు చేశారన్నది చరిత్రకారుల గొడవ, ఎవరి చేత కోట్ల మంది చెవులకు అలవాటైందన్నదే ప్రభావం అంటే.

ఇంకో చిన్న సంగతి. ఒకే గొంతును రెండుసార్లు పాడి కలిపితే పాట నిండుగా వినిపిస్తుంది, కానీ అదే పాటను అదే విరుపులతో మళ్లీ పాడటం లెనన్‌కి పరమ బోరు. ఆ గోల భరించలేక ఈఎంఐ టెక్నికల్ ఇంజినీర్ కెన్ టౌన్‌సెండ్ రెండో టేపు మిషన్ కలిపి, గొంతును రవ్వంత ఆలస్యంగా మళ్లీ దాని మీదే వేసే పద్ధతి తయారుచేశాడు. ఆర్టిఫిషియల్ డబుల్ ట్రాకింగ్, ముద్దుగా ఏడీటీ. ఒక గాయకుడి బద్ధకం నుంచి పుట్టిన ఈ ఉపాయం ఇప్పుడు ప్రతి రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఏదో ఒక పేరుతో మీట దూరంలో ఉంది.

ఇక సితార్ సంగతి. మన దగ్గర ఎవరు బీటిల్స్ గురించి రాసినా ఇక్కడ ఛాతీ ఉప్పొంగుతుంది. రవిశంకర్ నేర్పారు, వాళ్లు వాయించారు అని ఒక్క వాక్యంలో తేల్చేస్తారు. కానీ 'లవ్ యూ టూ' రికార్డయింది 1966 ఏప్రిల్‌లో, బీటిల్స్ గిటారిస్టు జార్జ్ హారిసన్ రవిశంకర్‌ని కలిసింది జూన్‌లో. అంటే గురువు దొరకక ముందు చేసిన పాట అది. సాయపడింది లండన్‌లో అంగడి అనే ఇంటిపేరున్న దంపతులు నడిపిన ఏషియన్ మ్యూజిక్ సర్కిల్ అనే సంస్థ, తబలా వాయించింది అనిల్ భగవత్. బయటి వాద్యకారుల పేర్లు రికార్డు అట్టల మీద పెద్దగా కనిపించని రోజుల్లో ఆయన పేరు అట్ట మీద పడింది.

నాకైతే ఆ ఆల్బమ్‌లో భారతీయత ఎక్కువున్నది సితార్ పాటలో కాదు, 'టుమారో నెవర్ నోస్'లోనే. పాట మొత్తం దాదాపు ఒకే కార్డ్ (కలిపి మోగించే స్వరాల గుంపు) మీద నడుస్తుంది, అడుగున తంబూరా మోగుతూ ఉంటుంది. పాశ్చాత్య విమర్శకులకు ఇది చాలా పెద్ద విషయం, ఎందుకంటే కార్డులు మారడమే వాళ్ల పాటకు నడక. కర్ణాటక కచేరీ వింటూ పెరిగిన చెవికి శ్రుతి కదలకపోవడం వింతేం కాదు, కదిలితేనే వింత. బహుశా అందుకే మనవాళ్లలో చాలామందికి రాక్ అంటే పడకపోయినా ఈ పాట మాత్రం ఇట్టే ఎక్కుతుంది.

పోలిక తెచ్చాను కాబట్టి ఇంకొకటి కూడా చెప్పాలి. రికార్డే అసలు, స్టేజీ మీద పాడేది దాని నకలు అన్న ఆలోచన 1966లో రాక్ శ్రోతలకు కొత్త. తెలుగు శ్రోతకు ఎప్పుడూ కొత్త కాదు. మన సినిమా పాట పుట్టిందే మైకు ముందు. రేడియోలో, తెరమీద, గ్రామఫోన్ రికార్డులో విన్నదే అసలు పాట. వినాయక చవితి పందిట్లో ఆర్కెస్ట్రా వాళ్లు పాడితే రికార్డులో ఉన్నట్టే వచ్చిందా లేదా అని తూకం వేశామే తప్ప, పాట వాళ్లదని ఎవరూ అనుకోలేదు. ఆ రకంగా బీటిల్స్ చేరిన చోటికి మనం వేరే దారిలో ముందే చేరుకున్నాం. కాకపోతే పద్ధతి వేరు. మద్రాసు స్టూడియోల్లో చాలాకాలం గాయకులు, వాద్యబృందం అంతా ఒకేసారి కూర్చుని కొట్టేవాళ్లు, చివరి చరణంలో ఒక వయొలిన్ తప్పు వాయిస్తే అందరూ మొదటి నుంచి మళ్లీ. ఇప్పుడు ట్రాక్ సింగర్ ముందు పాడి వెళ్తాడు, అసలు గాయని ఇంకో ఊళ్లో ఇంకో రోజు పాడుతుంది, ఫ్లూట్ మరో చోట, తాళం సగం లూపులే. దీన్ని ఒక్క బీటిల్స్ ఖాతాలో వేయలేం, టెక్నాలజీ అందరికీ వచ్చింది. పని తీరు మాత్రం అదే.

విచిత్రం ఏంటంటే ఈ ఆల్బమ్‌కి గొప్ప పేరు ఆలస్యంగా వచ్చింది. చాలా ఏళ్లు కిరీటం మరుసటి ఏడాది వచ్చిన వాళ్ల ఇంకో ఆల్బమ్ 'సార్జంట్ పెప్పర్'దే. దానికి ఒక కారణం శుద్ధ వ్యాపారం. అమెరికాలో క్యాపిటల్ కంపెనీ లెనన్ పాటలు మూడింటిని ముందే తీసి వేరే ఆల్బమ్‌లో పెట్టేసి, 'రివాల్వర్'ని 11 పాటలతో అమ్మింది. అక్కడివాళ్లు విన్న ఆల్బమ్‌లో లెనన్ పాడినవి రెండే. 1987లో బీటిల్స్ సీడీలు వచ్చేదాకా బ్రిటిష్ వరుస వాళ్లకు ప్రామాణికం కాలేదు. రోలింగ్ స్టోన్ పత్రిక 2003 జాబితాలో 'పెప్పర్' మొదటి స్థానం, 'రివాల్వర్' మూడు. 2020లో మళ్లీ జాబితా వేస్తే 'రివాల్వర్' 11, 'పెప్పర్' 24. ఇలాంటి జాబితాల మీద నాకు పెద్ద గౌరవం లేదు, కానీ గాలి ఎటు తిరిగిందో చెప్పడానికి పనికొస్తాయి. 'పెప్పర్' నాకు ఎప్పుడూ పండక్కి సింగారించుకున్నట్టే అనిపిస్తుంది. 'రివాల్వర్'లో సింగారం తక్కువ, పని ఎక్కువ.

తర్వాతి తరాలు దాన్నుంచి ఏం తీసుకున్నాయో నేరుగా వినొచ్చు. 'ట్యాక్స్‌మన్' బేస్ నడక 1980లో ద జామ్ బృందం 'స్టార్ట్!'లో దాదాపు అలాగే దిగింది, బ్రిటన్‌లో నంబర్ వన్ అయింది. 1996లో కెమికల్ బ్రదర్స్, నోయెల్ గాలహర్ కలిసి చేసిన 'సెట్టింగ్ సన్' వింటే ఆ డ్రమ్ మోత ఏ ఇంటిదో ఎవరూ చెప్పక్కర్లేదు. 2012లో 'మ్యాడ్ మెన్' సీరియల్‌లో 'టుమారో నెవర్ నోస్' వాడుకోవడానికి రెండున్నర లక్షల డాలర్ల దాకా ఇచ్చారని వార్తలొచ్చాయి. అంతా అయ్యాక, ఆ సీన్‌లో హీరో పాట మధ్యలోనే ఆపేసి వెళ్లిపోతాడు.

వారసత్వంగా మనకు అందనిది కూడా ఒకటుంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. అప్పుడు టేపు మీద ఉన్నవి నాలుగు ట్రాకులు, అంటే విడివిడిగా రికార్డు చేసుకునే నాలుగు వరుసలు. నాలుగూ నిండితే వాటిని ఇంకో టేపు మీదికి ఒకటి రెండు ట్రాకులుగా కుదించి చోటు చేసుకోవాలి, కుదించాక ఇక వెనక్కి వెళ్లేది లేదు. బేస్ ఎంత ఉండాలి, డ్రమ్ ఎంత ఉండాలి అన్నది ఆ పూటే తేల్చేయాలి. ఇప్పుడు రెండొందల ట్రాకులు పెట్టుకుని, రిలీజ్‌కి ముందు రోజు దాకా ఏదీ తేల్చకుండా నెట్టుకొస్తారు, డైరెక్టర్ ఒకటంటాడు, హీరో ఒకటంటాడు, చివరికి అన్నీ ఒకే గట్టిదనంతో మోగే పాట వస్తుంది. వాళ్ల ధీమా తెచ్చుకున్నాం, వాళ్ల టెన్షన్ తెచ్చుకోలేదు.

2022లో జార్జ్ మార్టిన్ కొడుకు జైల్స్ ఆ నాలుగు ట్రాకుల్ని కూడా విప్పేశాడు. సినిమా దర్శకుడు పీటర్ జాక్సన్ బృందం తయారుచేసిన సాఫ్ట్‌వేర్‌తో, 'ట్యాక్స్‌మన్'లో ఒకే ట్రాకు మీద కలిసిపోయిన గిటార్, బేస్, డ్రమ్స్‌ని విడదీసి కొత్త స్టీరియో మిక్స్ చేశాడు. శుభ్రంగా ఉంది, హెడ్‌ఫోన్స్‌లో హాయిగా ఉంది. పాత స్టీరియోలో 'ఎలినార్ రిగ్బీ' గొంతు ఒక చెవిలోనే వినిపించి విసిగించేది, ఆ బాధ తప్పింది. అయినా కొత్తగా వినేవాళ్లకు నేను చెప్పేది 1966 మోనో మిక్సే, అంటే రెండు చెవుల్లోనూ ఒకే శబ్దం వినిపించేది. అప్పట్లో ఆ నలుగురూ దగ్గరుండి తేల్చుకున్నది అది, స్టీరియోని పెద్దగా పట్టించుకోలేదు. స్ట్రీమింగ్‌లో 2022 సెట్‌లోనే మోనో కూడా ఉంది, కాస్త కిందికి జరిపితే దొరుకుతుంది. 'డాక్టర్ రాబర్ట్' నచ్చకపోతే దాటేయండి, నాకూ అంతగా నచ్చదు.