ర్యామ్ ఖాళీ చేస్తే ఫోన్ ఫాస్ట్ అవ్వదు

పోయిన వారం మా డిగ్రీ పిల్లల గ్రూపులో ఒక ఫార్వర్డ్ వచ్చింది. మర్నాడు మా అపార్ట్‌మెంట్ గ్రూపులో, సాయంత్రానికి మా చుట్టాల గ్రూపులో కూడా అదే. "మీ ఫోన్, కంప్యూటర్ స్లో అయ్యాయా? కంపెనీలు దాచిపెట్టిన 7 రహస్యాలు" అని మొదలవుతుంది. అందులో ఉన్నవి ఇవీ: ర్యామ్ ఎంత ఖాళీగా ఉంటే ఫోన్ అంత ఫాస్ట్. వాడిన యాప్స్ అన్నీ వెంటనే పైకి తోసేసి మూసేస్తే బ్యాటరీ ఆదా. ఒక ర్యామ్ క్లీనర్ యాప్ తప్పనిసరి. కంప్యూటర్ ఆన్ చేయగానే ఐదారుసార్లు రీఫ్రెష్ కొట్టాలి. వారానికోసారి టెంప్, ప్రీఫెచ్ ఫోల్డర్లు డిలీట్ చేయాలి. పెన్‌డ్రైవ్‌ని ఎజెక్ట్ చేయడం టైమ్ వేస్ట్, లాగేయొచ్చు. 64 జీబీ అని చెప్పి తక్కువ ఇవ్వడం మోసం.

పన్నెండేళ్లుగా నేను పిల్లలకు ఆపరేటింగ్ సిస్టమ్స్ పాఠం చెబుతున్నాను. గ్రూపులో ఎవరేం పంపినా సాధారణంగా పట్టించుకోను. కానీ మొన్న వైవాలో "మెమరీ మేనేజ్‌మెంట్ అంటే ఏమిటమ్మా?" అని అడిగితే, చక్కగా చదివే అమ్మాయి ఒకతె "ర్యామ్‌ని ఖాళీగా ఉంచడం సార్" అంది. ఎక్కడ చదివావంటే ఈ ఫార్వర్డ్ చూపించింది. అందుకే దీనికి వివరంగా జవాబు రాస్తున్నాను. ఏడింటిలో కొన్ని పూర్తిగా తప్పు. కొన్నింట్లో కాస్త నిజం ఉంది, దాన్నీ చెబుతాను.

మొదటి మాటే అన్నింటికీ మూలం: ర్యామ్ ఖాళీగా ఉండాలి అన్నది. ఇది సరిగ్గా తలకిందులు.

మన వంటింట్లో పొయ్యి పక్కన గట్టు మీద పోపుల డబ్బా ఉంటుంది. నెలకు సరిపడా సరుకులు అటక మీద ఉంటాయి. గట్టు చిన్నదే, కానీ చెయ్యి చాస్తే అందుతుంది. అటక పెద్దది, కానీ స్టూలు వేసుకుని ఎక్కాలి. ర్యామ్ గట్టు, స్టోరేజీ అటక. గట్టు ఎప్పుడూ ఖాళీగా కనపడాలని పోపు పెట్టిన ప్రతిసారీ ఆవాలు, జీలకర్ర తిరిగి అటక ఎక్కించే ఇల్లు ఎక్కడైనా ఉంటుందా? ఫార్వర్డ్ చెప్పేది అదే. ఇక్కడ అటక దూరం కూడా మామూలు దూరం కాదు. ర్యామ్‌లోంచి ఒక ముక్క తేవడానికి ప్రాసెసర్‌కి సుమారు 100 నానోసెకన్లు పడితే, తిరిగే హార్డ్ డిస్కు నుంచి తేవడానికి 10 మిల్లీసెకన్ల దాకా పడుతుంది. అంటే సుమారు లక్ష రెట్లు. ఫోన్లలో వాడే ఫ్లాష్ స్టోరేజీ చాలా నయం, అయినా ర్యామ్‌తో పోలిస్తే వందల నుంచి వేల రెట్లు నెమ్మది.

మా ల్యాబ్‌లో దీన్ని పిల్లలకు చేసి చూపిస్తాను. లైనక్స్ (విండోస్ లాంటిదే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్) ఉన్న పాత కంప్యూటరు, 8 జీబీ ర్యామ్, తిరిగే హార్డ్ డిస్కు. ముందుగా 'ఫ్రీ' అనే కమాండ్ కొట్టమంటాను. వరసగా అంకెలొస్తాయి: వాడుతున్నది, ఖాళీ, కాష్ (మళ్లీ పనికొస్తాయని ర్యామ్‌లో ఉంచుకున్న నకళ్లు), చివర్న 'అవైలబుల్' (అడిగితే ఇవ్వగలిగేది). తర్వాత ఒక జీబీ ఉన్న ఫైలు మొత్తం చదవమంటాను. డిస్కు గరగరమంటుంది, పది సెకన్ల పైమాటే పడుతుంది. అదే ఫైలు మళ్లీ చదవమంటాను. ఎంటర్ నొక్కిన వేలు తీసేలోపే అయిపోతుంది, డిస్కు చప్పుడే ఉండదు. ఇప్పుడు మళ్లీ 'ఫ్రీ' కొడితే ఖాళీ అంకె ఒక జీబీ తగ్గి ఉంటుంది, కాష్ అంకె అంతే పెరిగి ఉంటుంది. "చూశారా సార్, ర్యామ్ తినేసింది" అని ఎవరో ఒకరు అంటారు. అప్పుడు చివరి అంకె చూడమంటాను. 'అవైలబుల్' దాదాపు కదలలేదు.

ఎందుకు కదలలేదో తెలిస్తే ఈ పాఠం సగం వచ్చినట్టే. ఆ ఫైలు అసలు కాపీ డిస్కులో భద్రంగా ఉంది. ర్యామ్‌లో ఉన్నది, మళ్లీ అడుగుతారేమోనని పెట్టుకున్న నకలు. ఇంకో ప్రోగ్రామ్‌కి చోటు కావాల్సి వస్తే కెర్నల్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ, ఆ నకలును క్షణంలో వదిలేస్తుంది, ఎక్కడా రాసి దాచాల్సిన పని కూడా లేదు. ఖాళీ అంకె చూసి ఎంత మెమరీ దొరుకుతుందో తేల్చుకోలేం కాబట్టే, 2014లో లైనక్స్ కెర్నల్ ఈ 'అవైలబుల్' లెక్కను తనే కట్టి ఇవ్వడం మొదలుపెట్టింది. విండోస్‌లో కూడా టాస్క్ మేనేజర్ తెరిచి, రిసోర్స్ మానిటర్‌లో మెమరీ చూస్తే 'స్టాండ్‌బై' అని ఒక పెద్ద భాగం కనిపిస్తుంది. అదీ ఇలాంటిదే.

ఏది గట్టు మీద ఉండాలి, ఏది అటక ఎక్కాలి అని మనిషికి బదులు యంత్రమే నిర్ణయించడం కొత్త సంగతి కాదు. 1962లో ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్‌లో తయారైన అట్లాస్ కంప్యూటర్ ఆ పని చేసింది. ప్రోగ్రామ్ రాసేవాళ్లకు మెమరీ అంతా ఒకటే అన్నట్టు కనిపించేది, లోపల చిన్న వేగమైన మెమరీకీ, పెద్ద నెమ్మదైన అయస్కాంత డ్రమ్ము స్టోరేజీకీ మధ్య పేజీలు, అంటే మెమరీ ముక్కలు, అటూ ఇటూ మార్చేది. అరవై ఏళ్లకు పైగా మెరుగుపడుతూ వచ్చిన పనిని మనం బొటనవేలితో చేయాలని ఫార్వర్డ్ అంటోంది.

మరి ర్యామ్ నిజంగానే చాలకపోతే? అప్పుడు ఇబ్బందే, కాదనను. 2, 3 జీబీ ఫోన్లు వాడేవాళ్లు రోజూ పడే బాధ అది. నకళ్లన్నీ వదిలేశాక కూడా చోటు చాలకపోతే, తెచ్చిన పేజీని పంపేసి, పంపిన పేజీని తెచ్చుకోవడంతోనే కాలం గడిచిపోతుంది. దాన్ని మా పుస్తకాల్లో థ్రాషింగ్ అంటారు. కానీ దానికి మందు బరువైన యాప్స్ తగ్గించుకోవడం, లేదా ఎక్కువ ర్యామ్ ఉన్నది కొనుక్కోవడం. ఖాళీ అంకె చూసి సంతోషపడటం మాత్రం కాదు.

ర్యామ్ ఖాళీగా ఉంటే బ్యాటరీ మిగులుతుందన్న వాదన కూడా ఇందులోదే. ర్యామ్ చిప్పులో ప్రతి గడిలో ఉన్న చిన్న ఛార్జి కారిపోతూ ఉంటుంది. అందుకని మామూలుగా ప్రతి 64 మిల్లీసెకన్లకోసారి, అంటే సెకనుకు పదిహేనుసార్ల పైచిలుకు, గడులన్నింటినీ తిరిగి నింపాలి. ఆ గడిలో మీ ఫొటో ఉందా, పనికిరాని చెత్త ఉందా అన్నది చిప్పుకి తెలియదు. నింపడానికి అయ్యే కరెంటు రెండింటికీ అంతే.

ఇక యాప్స్ పైకి తోసేయడం. మా ఇంట్లో మా అత్తయ్యగారు రోజుకు పాతికసార్లు చేస్తారు, పూజ గదిలో దీపం సర్దినంత శ్రద్ధగా. ఆవిడకు చెప్పినట్టే ఇక్కడా చెబుతాను. మీరు హోమ్ బటన్ నొక్కి బయటికి వచ్చిన యాప్ మామూలుగా కాసేపటికి ఆగిపోతుంది. దాని పని ఆగుతుంది, ర్యామ్‌లో దాని రూపం మాత్రం ఉంటుంది. ర్యామ్‌లోకి ఎక్కిన ప్రోగ్రామ్‌ని ప్రాసెస్ అంటాం, ఆండ్రాయిడ్‌లో ఇలాంటివాటిని 'కాష్డ్' ప్రాసెస్‌లంటారు. ఆండ్రాయిడ్ 11 తర్వాత వచ్చిన ఫోన్లలో, వీటికి ప్రాసెసర్ అందకుండా గడ్డకట్టించే ఏర్పాటు కూడా ఉంది. రీసెంట్స్‌లో, అంటే మీరు యాప్స్ పైకి తోసేసే ఆ తెర మీద, కనిపించే కార్డులన్నీ నడుస్తున్న యాప్స్ కావు, మీరు ఎక్కడెక్కడికి వెళ్లొచ్చారో చూపించే చిట్టా అంతే. నిన్న వాడి వదిలేసిన యాప్ కార్డు కూడా అక్కడ ఉంటుంది, అది ర్యామ్‌లోంచి ఎప్పుడో వెళ్లిపోయి ఉండొచ్చు.

దాన్ని తోసేసి, పది నిమిషాల తర్వాత మళ్లీ తెరిచారనుకోండి. ఆండ్రాయిడ్ మొదట్నుంచీ మొదలుపెట్టాలి. జైగోట్ అనే ఒక మూల ప్రాసెస్ ఉంటుంది. పేరు జీవశాస్త్రంలోంచి తెచ్చుకున్నదే, ప్రతి యాప్ దాన్నుంచే పుడుతుంది. అది తనకు నకలుగా కొత్త ప్రాసెస్‌ని పుట్టించాలి, స్టోరేజీ నుంచి యాప్ కోడ్ ఎక్కించాలి, తెర గీయాలి, నెట్ నుంచి సమాచారం మళ్లీ తెచ్చుకోవాలి. ప్రాసెసర్ చేసే ఈ చాకిరీకంతా ఖర్చయ్యేది మీ బ్యాటరీయే. ఊరికే పడుకున్న మనిషిని ఇంట్లోంచి పంపేసి, కాసేపటికి మళ్లీ కబురు పెట్టి ఊర్నుంచి రప్పించుకున్నట్టు.

ఇది నా సొంత అభిప్రాయం కాదు. 2016 మార్చిలో ఒక వాడకందారు, మీరు తరచూ యాప్స్ మూసేస్తారా, బ్యాటరీకి అది అవసరమా అని ఆపిల్ సీఈఓ టిమ్ కుక్‌కి మెయిల్ పెడితే, ఐఫోన్ సాఫ్ట్‌వేర్ బాధ్యుడు క్రెయిగ్ ఫెడెరిగీ ఒక్క ముక్కలో రెండింటికీ కాదని జవాబిచ్చారు. కొద్దిరోజులకే ఆండ్రాయిడ్ వైపు నుంచి హిరోషి లాక్‌హైమర్ కూడా అదే చెప్పారు: దానివల్ల బ్యాటరీ కాస్త ఎక్కువే ఖర్చు కావచ్చని. కంపెనీలు దాచిపెట్టిందేమీ లేదు, అడిగితే చెప్పారు.

యాప్ బిగుసుకుపోతే, మ్యాప్స్‌లో దారి చూపించడం ఆగక నడుస్తూనే ఉంటే, ఆ ఒక్కదాన్ని మూసేయండి. అది సరైన పనే.

క్లీనర్ యాప్ సంగతి ఎక్కువ చెప్పక్కర్లేదు. ర్యామ్ మిగల్చడానికి ర్యామ్‌లో ఇంకో యాప్ కూర్చోబెట్టడమే వింత. పైగా అది ఆపేసిన యాప్స్‌లో చాలావరకు, పనుండే యాప్స్, కాసేపటికి తిరిగి లేస్తాయి. మళ్లీ ఆపుతుంది, మళ్లీ లేస్తాయి. తెర మీద మాత్రం "1.2 జీబీ ఖాళీ చేశాం" అని పచ్చరంగులో గుండ్రం తిరుగుతుంది, దాని వెనకే ఒక యాడ్. 2023లో వచ్చిన ఆండ్రాయిడ్ 14లో గూగుల్ ఈ దారి మూసేసింది. ఆ వెర్షన్‌లో ఒక యాప్ తన సొంత బ్యాక్‌గ్రౌండ్ ప్రాసెస్‌లను తప్ప వేరే యాప్స్‌వి ఆపలేదు. ఏ ప్రాసెస్‌ని ఎప్పుడు పంపేయాలో చూసుకోవడానికి ఆండ్రాయిడ్‌లో 'లో మెమరీ కిల్లర్' ముందే ఉంది. మీరు చూస్తున్న యాప్‌ని చివరిదాకా కాపాడి, ఎప్పుడో వాడి వదిలేసినవాటిని ముందుగా పంపిస్తుంది.

రీఫ్రెష్ గురించి రెండు ముక్కలు. ఎఫ్5 నొక్కితే డెస్క్‌టాప్ ఫోల్డర్‌లో ఏమేం ఫైళ్లున్నాయో మళ్లీ చూసి బొమ్మలు మళ్లీ గీస్తుంది. అంతకుమించి ఏమీ చేయదు. ర్యామ్‌ని ఖాళీ చేయదు, ప్రాసెసర్‌ని వేగం చేయదు.

టెంప్ ఫోల్డర్‌లో, అంటే ప్రోగ్రామ్‌లు తాత్కాలికంగా రాసుకునే ఫైళ్లలో, పాతవి డిలీట్ చేయడం వరకు నిజమే, చోటు మిగులుతుంది. ప్రీఫెచ్ మాత్రం ముట్టుకోవద్దు. 2001లో విండోస్ ఎక్స్‌పీతో వచ్చింది ఇది. ఒక ప్రోగ్రామ్ తెరుచుకునేటప్పుడు మొదటి కొన్ని సెకన్లలో డిస్కులోంచి ఏమేం అడిగిందో విండోస్ రాసి పెట్టుకుంటుంది, ఈసారి తెరిచేటప్పుడు అవన్నీ ముందే తెచ్చి పెడుతుంది. పాత ఎంట్రీలు హద్దు దాటకుండా తనే తీసేస్తుంది కూడా. దాన్ని తుడిచేస్తే మిగిలే చోటు చాలా కొద్ది, ప్రోగ్రామ్‌లు మాత్రం మొదటిసారి ఇంకా నెమ్మదిగా తెరుచుకుంటాయి. ఫాస్ట్ చేయడానికి పెట్టిన చిట్టాను ఫాస్ట్ కావాలని చించేయడం ఇది.

పెన్‌డ్రైవ్ మాట చదివినప్పుడు నిజంగా కోపం వచ్చింది. రెండేళ్ల క్రితం ఫైనలియర్ కుర్రాడు ఒకడు ప్రాజెక్టు ప్రజెంటేషన్ రోజు పొద్దున, ల్యాబ్‌లోని లైనక్స్ కంప్యూటర్‌లో తన ఫోల్డర్ అంతా పెన్‌డ్రైవ్‌కి కాపీ పెట్టాడు. వీడియోలతో కలిపి 700 ఎంబీ పైనే. తెర మీద కాపీ బార్ నిమిషం తిరక్కుండానే నిండిపోయింది. పెన్‌డ్రైవ్ చివర చిన్న ఎర్ర లైటు ఇంకా టపటపా కొట్టుకుంటూనే ఉంది. వాడు చూడలేదు. లాగేశాడు. ప్రజెంటేషన్ హాల్లో ఫోల్డర్ తెరిస్తే పేర్లున్నాయి, సగం ఫైళ్లు తెరుచుకోలేదు. ఆ పిల్లాడి చేతులు వణకడం నాకింకా గుర్తుంది.

జరిగిందేమిటంటే, కెర్నల్ ఆ ఫైళ్లను ముందు ర్యామ్‌లోకి తీసుకుని "సరే, అందింది" అంది. నెమ్మదిగా రాసే పెన్‌డ్రైవ్ కోసం మిమ్మల్ని ఆపకుండా, వెనక నుంచి మెల్లగా రాస్తూ పోయింది. ఇది కూడా గట్టు మీద పెట్టుకునే పద్ధతే, ఈసారి అటక ఎక్కించాల్సినవి. ఎజెక్ట్ నొక్కడమంటే "మిగిలినవన్నీ రాసెయ్, అయ్యాక చెప్పు" అనడం. 2018లో వచ్చిన విండోస్ 10 1809 వెర్షన్ నుంచి పెన్‌డ్రైవ్‌లకు 'క్విక్ రిమూవల్' పద్ధతి మామూలైంది. అందులో ఇలా వెనక నుంచి రాయడం ఉండదు కాబట్టి, కాపీ అయిందన్నాక లాగేసినా చాలాసార్లు ఏమీ కాదు. అందుకే ఈ మాటను జనం నమ్ముతున్నారు. కానీ లైనక్స్ కంప్యూటర్‌లో లాగేసినప్పుడు, లేదా పెన్‌డ్రైవ్‌లోని ఫైలు ఏదో ప్రోగ్రామ్‌లో తెరిచి ఉన్నప్పుడు, పోయేది మీ పనే.

చివరిది 64 జీబీ. కంప్యూటర్ వైపు నుంచి చెబితే తేలిక. డిస్కు అమ్మేవాళ్లు జీబీ అంటే 100 కోట్ల బైట్లు అని లెక్క కడతారు. విండోస్ 1024ని మూడుసార్లు హెచ్చించి, అంటే 107,37,41,824 బైట్లకు, ఒక జీబీ అని చూపిస్తుంది. ఒక టీబీ డిస్కు 931 జీబీగా కనిపించేది అందుకే. ఒక్క బైటూ పోలేదు, కొలిచే శేరు మారింది. ఫోన్‌లో మాత్రం తగ్గేది ఎక్కువగా ఆపరేటింగ్ సిస్టమ్ వల్లనే. అది కూడా స్టోరేజీలోనే ఉండాలి కదా. మీరు అడగని యాప్స్ పదో పన్నెండో ముందే ఎక్కించి, తీసేయనివ్వకపోవడం మీద మాత్రం ఎవరు ఫిర్యాదు చేసినా నేను వాళ్ల పక్షమే.

మీ ఫోన్ నిజంగానే స్లోగా ఉంటే ముందు స్టోరేజీ చూడండి. నిండుకుండలా ఉంటే ఫ్లాష్‌కి కొత్తవి రాయడం కష్టమవుతుంది, వాట్సాప్ వీడియోలు కొన్ని తీసేయండి. వారానికోసారి రీస్టార్ట్ చేయండి. బ్యాటరీ తొందరగా అయిపోతుంటే సెట్టింగ్స్‌లో బ్యాటరీ తెరవండి, ఏ యాప్ ఎంత శాతం వాడిందో వరసగా ఉంటుంది. పైన ఉన్న పేరు మీరు పెద్దగా వాడనిదైతే, దాన్ని తీసేయండి లేదా బ్యాక్‌గ్రౌండ్‌లో నడవకుండా ఆపేయండి. మిగతా కార్డులను అలాగే ఉండనివ్వండి.