ఐదు గ్రాముల ఆవకాయ

పిల్లలు చెప్పిన మాట వినరని వాపోయే తల్లిదండ్రులు, చెప్పింది చెప్పినట్టు వినే పిల్లతో ఒక్క వేసవి గడిపి చూస్తే తమ అదృష్టమేమిటో తమకే తెలిసివస్తుంది. కోనసీమలో అమలాపురానికి కాస్త ఎడంగా, పంటకాలవ గట్టున ఉండే మా ఊళ్లో, తొమ్మిదో తరగతి పూర్తి చేసుకున్న మా అమ్మాయి అటువంటి పిల్ల. 2020 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన పాఠశాల ఆరోగ్య కార్యక్రమంలో, ప్రభుత్వ బడుల్లో ఇద్దరేసి ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చి, వారి చేత పిల్లలకు పదకొండు అంశాలు చెప్పించాలని ఏర్పాటు. మనసు కుదురుగా ఉంచుకోవడం, మత్తుపదార్థాలకు దూరంగా ఉండడం, ఇంటర్‌నెట్‌ను జాగ్రత్తగా వాడుకోవడం వంటి వాటితో మా ఇంటికి ఏ పేచీ రాలేదు. కొంప ముంచింది పోషకాహారం.

నిజానికి ముందుగా దెబ్బ తగిలింది మా నాన్నగారి చుట్టలకు. బడికి వంద గజాల లోపల పొగాకు అమ్మకూడదని 2003 నాటి చట్టంలో ఉందని తెలిసిన మర్నాడే, బడి గేటుకూ ఆయన చుట్టలు కొనే కొట్టుకూ మధ్య దూరాన్ని మా అమ్మాయి కొలతల టేపు పట్టుకుని కొలిచింది. కొట్టు వంద గజాలు దాటే ఉందని తేలాక ఆమె నిరాశ, ఆయన ఊరట రెండూ చూడదగ్గవి. ఆ తరువాత వంతు నా భార్యది. రక్తం తక్కువగా ఉందని డాక్టరు రాసిచ్చిన ఇనుము మాత్ర వేసుకుని వెంటనే కాఫీ గ్లాసు అందుకోగా, కాఫీ ఇనుమును ఒంటికి పట్టనివ్వదనీ, నిమ్మరసమైతే పట్టేలా చేస్తుందనీ చెప్పి గ్లాసు పట్టుకుపోయింది. ప్రతి వారం బడిలో నీలం రంగు ఇనుము మాత్ర మింగే పిల్లకు ఆపాటి అధికారం ఉండవలసిందే.

ఇక ఉప్పు సంగతి. మనిషికి రోజుకు ఐదు గ్రాములకన్న తక్కువ ఉప్పు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఐదు గ్రాములంటే సుమారు ఒక టీ చెంచా. సెలవుల్లో ఇంటి ఉప్పు వాడకాన్ని నెలవారీగా లెక్కగట్టి చార్టు వేసుకురమ్మని బడిలో పని అప్పగించడంతో, మా అమ్మాయి కాగితం, కలం, వంటింటి కాటా ముందు పెట్టుకుని కూర్చుంది. సరిగ్గా అప్పుడే మా ఇంట్లో ఆవకాయ పెట్టే ముహూర్తం వచ్చింది.

మా అమ్మ ఆవకాయంటే మా వీధిలో ఒక పరపతి. కొత్తపల్లి కొబ్బరి రకం మామిడికాయలే కావాలి; వాటిని కడిగి, తడి పూర్తిగా ఆరనిచ్చి, టెంకతో సహా కొట్టించి, జీడి తీసి, టెంకకు అంటుకున్న పల్చటి పొరను ఒక్కొక్క ముక్కకూ గీకి, పొడిగుడ్డతో తుడిచి, ఎండకు పెళపెళలాడిన కల్లుప్పును దంపించి, ఆ తరువాత గాని ఆమె కొలత సోల చేతిలోకి తీసుకోదు. పది కిలోల ముక్కలకు రెండు కిలోల ఉప్పు పడుతుంది. మా అమ్మాయి ఆ రెండు కిలోలను 365 రోజులకు, ఐదుగురు మనుషులకు పంచి చూసింది. తలకు రోజుకు 1.1 గ్రాములు తేలింది. కూరలో, చారులో, మాగాయలో, మెంతికాయలో, ఆదివారంపూట పనసాకు బుట్టల్లో ఉడికించే పొట్టిక్కలతో తినే పచ్చడిలో పడేది ఇంకా లెక్కకే రాలేదు. అనుమతిలో ఐదో వంతును ఆవకాయ ఒక్కటే మింగేస్తోంది. లెక్కలో తప్పులేదని నేను కూడా ఒప్పుకోవాలి.

శుక్లాల ఆపరేషన్ అయిన కొత్తలో కారం ఘాటు కళ్లకు తగలకూడదని మా అమ్మ ఆమడ దూరాన కుర్చీ వేయించుకుని కూర్చోగా, నా భార్య కలుపుతుంటే, ఉప్పు కొలిచి పోసే పని మనవరాలికి దక్కింది. కొలవమన్నంతా కొలిచింది, అందులో సగమే పోసింది. మిగిలిన సగం చప్పుడు లేకుండా అటక మీదికి వెళ్లింది.

మూడోనాడు తిరగకలిపేటప్పుడు ఉప్పు చూడడం ఆనవాయితీ. అక్కడే బయటపడవలసింది. కాని, రక్తపోటు ఉన్నవారు ఊరగాయ ముట్టకూడదని డాక్టరు చెప్పిన నాటినుంచి మా అమ్మ వేలు కూడా నాకదు. నాకకుండా కాపలా కాసేది మనవరాలే. అందువల్ల రుచి చూసే ఉద్యోగం కూడా ఆమెకే వచ్చింది.

“ఏమే అమ్మడూ, ఉప్పు సరిపోయిందా?”

“సరిగ్గా సరిపోయింది నాయనమ్మా.”

ప్రపంచ ఆరోగ్య సంస్థ తరఫున ఆ మాట అక్షరాలా నిజం.

తరువాతి నెల రోజులూ మేమంతా ఆ చప్పిడి ఆవకాయను అన్నంలో కలుపుకుని తిన్నాం. నాకు తెలిసింది, మా నాన్నగారికి తెలిసింది, నా భార్యకు అందరికన్న ముందు తెలిసింది. అయితే అత్తగారి ఊరగాయలో ఉప్పు తక్కువైందని చెప్పే కోడలు గోదావరికి ఇవతల గాని అవతల గాని ఇంకా పుట్టలేదు. యాభై ఏళ్లుగా పెళ్లాం పెట్టిన ఆవకాయను పొగుడుతూ వచ్చిన మనిషి ఈ వయసులో మాట మార్చుకోలేడు. మా నాన్నగారు రోజూ పెరుగన్నంలో అదనంగా ఉప్పు వేయించుకున్నారు. ఆ ఉప్పు చార్టులో వేరే గడిలో నమోదైంది.

తొలకరి పడ్డాక, పెద్ద జాడీ వాసెన విప్పిన రోజున, గుడ్డ తీస్తుండగానే గుప్పుమని పులిసిన వాసన వచ్చింది. పైన నాలుగు వేళ్ల ఎత్తున తేటగా నిలవవలసిన పప్పునూనె మీద బుడగలు, దాని అంచున జాడీ చుట్టూ తెల్లగా, అక్కడక్కడ ఆకుపచ్చగా బూజు. ముక్కలో నీటిని లాగి, సూక్ష్మజీవికి అందకుండా పట్టి ఉంచేది ఉప్పే. అది సగమైతే నూనె ఒక్కటీ కాపలా కాయలేదు. విచారణలో అటక మీది డబ్బా బయటపడింది, నేరం అంగీకరించబడింది.

“నోట్లో తగ్గించుకోవాల్సిన ఉప్పును జాడీలో తగ్గిస్తారటే! రెండు ముక్కలు తినేచోట ఒక్క ముక్క తింటే నీ లెక్క సరిపోయేది కాదా?” అంది మా అమ్మ. ఆరోగ్యపాఠాలు చెప్పేవారు పిల్లలను తరగతి గదినుంచి ఒక్క పూట వంటింట్లోకి తీసుకువెళితే ఎంత బాగుండునో నాకప్పుడు తోచింది.

మా అమ్మ పైపైన బూజు తీసేసి, నూనె కాచి పోసి, ఉప్పు కలిపి గట్టెక్కించాలని చూసింది. కంటికి కనిపించని పోగులు లోపలికి దిగి ఉంటాయనీ, బూజు విషాల్లో కొన్ని కాచినా పోవనీ మనవరాలు జాడీకి అడ్డంగా నిలబడింది. ఈసారి పిల్లదే న్యాయం కావడం మా అమ్మకు మరింత కష్టం కలిగించింది. జాడీ మొత్తం పెరట్లో కొబ్బరిచెట్ల మొదట్లోకి పోయింది. కొబ్బరికి ఉప్పు వేయడం మా ప్రాంతపు రైతులకు అలవాటే కనుక, ఇంట్లో పరిమితి లేని ప్రాణి ఆ చెట్టొక్కటేనని మా నాన్నగారు అసూయపడ్డారు.

బడిలో జరిగిన తల్లిదండ్రుల సమావేశంలో మా అమ్మాయి చార్టు గోడకెక్కింది. మే నెలలో కొబ్బరిచెట్టంత ఎత్తున్న గీత జూన్‌లో సగమై, జూలైకి నేలబారున పడింది. అంత తక్కువ వ్యవధిలో ఉప్పు ఇంతగా తగ్గించిన కుటుంబం మరొకటి లేదని మెచ్చుకుంటూ, ఆరోగ్యపాఠాలు చెప్పే టీచరుగారు మా అమ్మను ముందుకు పిలిచి, ఇది ఎలా సాధ్యమైందో నలుగురికీ చెప్పమన్నారు.

“జాడీ పారబోశామండి” అంది మా అమ్మ.

హాలంతా చప్పట్లు కొట్టింది. ఆరోగ్యం కోసం ఏడాది ఊరగాయను త్యాగం చేసిన ఆదర్శ కుటుంబమని టీచరుగారు రిజిస్టరులో రాసుకుని, నా చేత కింద సంతకం పెట్టించుకున్నారు.