లిబరల్ ఆర్ట్స్ చదువుపై ఆ సందేశం చెప్పినవి, చెప్పనివి

ప్లస్ టూ ఫలితాలు వెలువడే రోజుల్లో ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, రాయగడ తెలుగువారి వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం విస్తృతంగా తిరుగుతోంది. లిబరల్ ఆర్ట్స్, అంటే ఒక ప్రధాన విషయంతోపాటు సైన్సు, సాహిత్యం, సామాజికశాస్త్రాలు కలిపి చదివే పద్ధతి, దాని గురి. సారాంశం ఇది: ఈ పద్ధతిలో నడిచే చిన్న ప్రైవేటు విద్యాసంస్థలు డబ్బున్నవారి పిల్లల కాలక్షేపానికి పెట్టినవి, అక్కడ సైన్సు ఉండదు, ఆ డిగ్రీకి గుర్తింపు లేదు కనుక సర్కారు ఉద్యోగానికి పనికిరాదు, పరీక్షలు లేకుండా చర్చల పేరుతో కబుర్లు చెప్పుకొని కాలం వెళ్లబుచ్చుతారు, ఒడియా మీడియంలో చదివిన మన పిల్లలు అక్కడ నిలవలేరు, హాస్టలు వారిని చెడగొడుతుంది, అంత డబ్బు పోసేకంటే విశాఖలో ఇంజనీరింగులో చేర్పించడం మేలు. ఇందులో డబ్బును గురించిన మాట ఒక్కటే ఆలోచించవలసినది. ప్లస్ టూ పిల్లలకు పాఠాలు చెప్పే వృత్తిలో ఉన్నవాడిని గనుక, ఈ సందేశాన్ని నమ్మి దరఖాస్తు చేయడమే మానుకున్న కుటుంబాలను చూసి ఈ జవాబు రాస్తున్నాను.

సైన్సు ఉండదన్న మాటతో మొదలుపెడదాం. మన ఒడిశాలో ప్లస్ టూ (ఇంటరు), ప్లస్ త్రీ (డిగ్రీ) రెండూ ఆర్ట్స్, సైన్స్, కామర్స్ అని విడివిడిగా ఉంటాయి కాబట్టి, పేరులో ఆర్ట్స్ కనబడగానే ఇది చరిత్ర, పౌరశాస్త్రం చదివే చోటని అనుకోవడం సహజమే. కానీ ఈ తరహా చిన్న కళాశాలలకు పుట్టినిల్లయిన అమెరికా కళాశాలలను చూస్తే సంగతి వేరుగా ఉంటుంది. స్వార్త్‌మోర్, గ్రిన్నెల్, పొమోనా, ఆమ్‌హెర్స్ట్ అనే నాలుగూ రెండు వేలకు మించని విద్యార్థులున్న ప్రైవేటు కళాశాలలు. వాటిలో భౌతిక, రసాయన శాస్త్రాలు, గణితం, కంప్యూటర్ సైన్సు ఉన్నాయి. స్వార్త్‌మోర్‌లోనైతే ఇంజనీరింగు కూడా చెబుతారు. 1989లో రసాయనశాస్త్రంలో నోబెల్ పొందిన థామస్ చెక్ గ్రిన్నెల్‌లో చదివారు. 2006లో భౌతికశాస్త్ర నోబెల్ అందుకున్న జాన్ మేథర్ స్వార్త్‌మోర్ విద్యార్థి, 2020లో రసాయనశాస్త్ర నోబెల్ అందుకున్న జెన్నిఫర్ డౌడ్నా పొమోనా విద్యార్థిని. వీరందరికంటే నాకు ఎక్కువ ఆసక్తి కలిగించేది హెరాల్డ్ వార్మస్ దారి. ఆయన ఆమ్‌హెర్స్ట్‌లో ఆంగ్ల సాహిత్యం ప్రధానంగా డిగ్రీ చేసి, తర్వాత వైద్యం చదివి, క్యాన్సరు జన్యువులపై చేసిన పరిశోధనకు 1989లో వైద్యశాస్త్ర నోబెల్ పంచుకున్నారు. మన దేశంలో నీట్ రాయకుండా, ప్లస్ టూలో సైన్సు లేకుండా ఆ మలుపు సాధ్యం కాదన్నది నిజమే. అయినా సాహిత్యం చదివిన బుర్ర సైన్సుకు పనికిరాదన్న నమ్మకానికి ఆయన జీవితం చాలినంత సమాధానం.

మన దేశంలో ఈ పద్ధతిని అనుసరించే సంస్థలు చాలావరకు చట్టరీత్యా కళాశాలలు కావు, విశ్వవిద్యాలయాలు. హరియాణాలోని సోనీపత్‌లో 2014లో తరగతులు ప్రారంభించిన అశోక, ఆంధ్రప్రదేశ్ శ్రీసిటీలోని క్రియా, బెంగళూరులోని అజీమ్ ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయం ఇటువంటివే. మూడింటిలోనూ భౌతికశాస్త్రం, జీవశాస్త్రం, గణితం ప్రధానంగా తీసుకొని డిగ్రీ చేయవచ్చు. తేడా ఏమిటంటే, భౌతికశాస్త్రం చదివే విద్యార్థి చరిత్రో తత్త్వశాస్త్రమో ఆర్థికశాస్త్రమో కొంత చదవక తప్పదు. చరిత్ర చదివేవారూ కొంత సైన్సో గణితమో చదవవలసి వస్తుంది. దీన్ని వింతగా చూడడం ఇప్పుడు మరీ ఆశ్చర్యం, ఎందుకంటే 2020 జాతీయ విద్యా విధానం ఒక అధ్యాయం మొత్తాన్ని ఈ బహువిషయ విద్యకే కేటాయించింది. దాని ప్రకారం 2022 డిసెంబరులో యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) ఇచ్చిన చట్రంలో మూడేళ్ల డిగ్రీకి 120 క్రెడిట్లు, నాలుగేళ్ల ఆనర్స్‌కు 160 క్రెడిట్లు ఉంటాయి, వాటిలో కొన్ని ప్రధాన విషయానికి బయటినుంచే సంపాదించాలి. అంటే ఈ సందేశం ఎగతాళి చేస్తున్న పద్ధతి సర్కారు కళాశాలల్లోకీ వస్తున్నదే. మన బరంపురం పక్కనే 2016లో మొదలైన ఐసర్‌లో (కేంద్రం నడిపే సైన్సు విద్యా పరిశోధన సంస్థలో) చేరినవారు కూడా మొదట జీవ, రసాయన, భౌతిక, గణిత శాస్త్రాలన్నీ కలిపి చదివాకే ఒక దారి ఎంచుకుంటారు.

ఈ ప్రాంతానికి ఇటువంటి చదువు కొత్తది కూడా కాదు. కళ్లికోట కళాశాల 1878 నాటిది, పర్లాకిమిడి రాజావారి కళాశాల 1896 నాటిది. రెండూ జమీందారుల ఆదరణతో నడిచిన చిన్న విద్యాసంస్థలే. పర్లాకిమిడిలో చరిత్ర పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి సవర గిరిజనుల భాష నేర్చుకొని దానికి వ్యాకరణం, నిఘంటువు రాశారు, ముఖలింగం శాసనాలు చదివారు. ఆయన "గ్రూపు" ఏమిటని ఆనాడు ఎవరైనా అడిగి ఉంటే ఏమని చెప్పేవారో!

గుర్తింపు మాటకు పెద్ద చర్చ అక్కరలేదు. రాష్ట్ర శాసనసభ చట్టంతో ఏర్పడి, యూజీసీ చట్టం 1956లోని 2(ఎఫ్) సెక్షను కింద జాబితాలో ఉన్న ప్రైవేటు విశ్వవిద్యాలయం ఇచ్చే డిగ్రీ, ప్రభుత్వ విశ్వవిద్యాలయం ఇచ్చే డిగ్రీతో సమానంగా చెల్లుతుంది. యూపీఎస్సీ సివిల్స్‌కు, బ్యాంకు ఆఫీసరు పరీక్షలకు గుర్తింపు ఉన్న ఏ డిగ్రీ అయినా చాలు; ఐఐఎంల ప్రవేశ పరీక్ష క్యాట్‌కు దానితోపాటు జనరల్ అభ్యర్థులకు 50 శాతం మార్కులు కావాలి. జాగ్రత్త పడవలసినవి వేరే ఉన్నాయి. కొన్ని సంస్థల ఏడాది ఫెలోషిప్పు కోర్సులకు ఇచ్చేది డిప్లొమానే తప్ప డిగ్రీ కాదు. స్కూలు ఉపాధ్యాయ ఉద్యోగాల్లో డిగ్రీలో ఏయే సబ్జెక్టులు ఉన్నాయో చూస్తారు, కాబట్టి బీఎడ్ చేయాలనుకునే విద్యార్థి మేజరు (ప్రధాన విషయం), మైనరు (ఉప విషయం) ఎంచుకునే ముందే నియమాలు చదువుకోవాలి. సందేశం రాసినవారు ఈ రెంటిలో ఒక్కటైనా చెప్పి ఉంటే మేలు చేసినవారయ్యేవారు.

పరీక్షలు లేవన్న మాట చదివి ఆ సంస్థల విద్యార్థులు నవ్వుకుంటారు. ప్లస్ త్రీలో మనవాళ్లు సెమిస్టరు చివర రెండు వారాలు గైడ్లు తిరగేసి గట్టెక్కే వీలుంది. అక్కడ అది కుదరదు. సాధారణంగా ప్రతి వారం చదవవలసిన వ్యాసాలు ముందే ఇస్తారు, చదవకుండా వస్తే ఇరవై, ముప్పై మంది ఉన్న తరగతిలో ఆ సంగతి వెంటనే బయటపడుతుంది. మార్కులు క్విజ్‌లు, వ్యాసాలు, ప్రయోగశాల నివేదికలు, మధ్యంతర పరీక్ష, చివరి పరీక్ష అంటూ సెమిస్టరు పొడవునా విడిపోయి ఉంటాయి. అమెరికాలోని విలియమ్స్ కళాశాలలో ట్యుటోరియల్ అనే తరగతిలో ఇద్దరే విద్యార్థులు, ఒక ఆచార్యుడు ఉంటారు; ఒక వారం ఒకరు వ్యాసం రాసి చదివితే రెండోవారు విమర్శిస్తారు, మరుసటి వారం పాత్రలు మారతాయి. ఇతరుల రచన ఎత్తి రాస్తే సున్నా మార్కులు వేయడమే కాదు, క్రమశిక్షణ సంఘం ముందు నిలబెట్టడమూ ఉంటుంది. సందేశం "కబుర్లు" అన్నది ఈ చర్చలనే అయితే, అవి తయారు కాకుండా వెళ్లినవారికి చుక్కలు చూపించే కబుర్లు.

మన పిల్లలు నిలవలేరన్న మాట నాకు అన్నిటికంటే ఎక్కువ కష్టం కలిగించింది, ఎందుకంటే దీన్ని మన పెద్దలే మన పిల్లల ఎదుట అంటున్నారు. ఇబ్బంది లేదని నేను అనను. ఒడియా మీడియంలో ప్లస్ టూ దాకా వచ్చిన విద్యార్థికి ముప్పై పేజీల ఆంగ్ల వ్యాసం ఒక్క రాత్రిలో చదివి, దానిపై సొంత అభిప్రాయం రాయడం మొదటి సెమిస్టరులో కొండంత పని. మార్కులు తగ్గుతాయి, ఆత్మవిశ్వాసమూ తగ్గుతుంది. ఈ ఇబ్బందిని ఎరిగినందువల్లే ఆ సంస్థలు రాత సహాయ కేంద్రాలు పెట్టాయి. విద్యార్థి తన వ్యాసపు చిత్తుప్రతితో వెళితే అక్కడివారు పక్కన కూర్చొని లోపాలు చూపుతారు. అశోకలో ఆంగ్లంలో వెనుకబడినవారి కోసం తరగతులకు ముందే నడిపే బ్రిడ్జి కోర్సు ఉంది. ఇటువంటి ఏర్పాట్లు మన చుట్టుపక్కల ప్లస్ త్రీ కళాశాలల్లో నేను చూడలేదు. ఇక ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, టీవీలో హిందీ, పుస్తకంలో ఆంగ్లం మధ్య పెరిగిన బరంపురం పిల్లకు భాషాశాస్త్రం, సామాజికశాస్త్రం తరగతుల్లో చెప్పడానికి ఉన్నది ఏకభాషా నగరంలో పెరిగినవారికి ఉండదు. 1936లో గంజాంలో చాలా భాగం మద్రాసు నుంచి ఒడిశాకు మారినప్పుడు ఒకే ఇంటి బంధువులు రెండు రాష్ట్రాలవారు అయిన తీరు, సంతలో సవరలు మూడు భాషలు కలిపి బేరమాడే తీరు, ఇవన్నీ అక్కడ పరిశోధన వ్యాసాలకు విషయాలు అవుతాయి. ఈ అనుభవాన్ని మనం లోపంగా చెప్పి పంపితే వాళ్లు అక్కడ నోరెత్తరు.

హాస్టలు చెడగొడుతుందన్న భయం విశాఖ కోచింగ్ హాస్టళ్లకూ అంతే వర్తిస్తుంది. పదహారేళ్లకే పిల్లల్ని అక్కడ దింపి వచ్చే మనం పద్దెనిమిదేళ్లకు భయపడడం విచిత్రం.

డబ్బు సంగతికి వస్తే, సందేశం ఇక్కడ సగం నిజం చెప్పింది. కొన్ని సంస్థల్లో ట్యూషను, హాస్టలు, భోజనం కలిపి ఏడాదికి పది లక్షలు దాటుతుంది. చిన్న వ్యాపారమో గుమాస్తా ఉద్యోగమో చేసే కుటుంబం ఆ మొత్తానికి అప్పు చేయడం నేను ఎవరికీ సలహా ఇవ్వను. అయితే చెప్పని సగం ఏమిటంటే, ఆ ప్రకటించిన ఫీజు అందరూ కట్టేది కాదు. అశోక, క్రియా, అజీమ్ ప్రేమ్‌జీ మూడింటిలోనూ కుటుంబ ఆదాయాన్ని బట్టి రాయితీ ఉంది, అర్హత ఉన్నవారికి ట్యూషను పూర్తిగా మాఫీ అయ్యే వీలుంది. దీనికి మార్కుల కంటే ఆదాయపు పత్రాలు ముఖ్యం: తహసీల్దారు ఇచ్చే ఆదాయ ధ్రువపత్రం, ఆదాయపు పన్ను రిటర్నులు, బ్యాంకు పాసు పుస్తకం నకళ్లు. ప్రవేశం ఖాయమయ్యాక తీరిగ్గా అడుగుదాం అనుకున్నవారు చాలాసార్లు గడువు దాటినవారే అవుతారు.

ఇంజనీరింగుతో పోలిక కూడా సరిగ్గా చేయాలి. ఒకేసారి వందల మందిని తీసుకునే సాఫ్ట్‌వేరు కంపెనీలు చిన్న లిబరల్ ఆర్ట్స్ సంస్థకు వచ్చే అవకాశం తక్కువ, బీటెక్ తప్పనిసరి అయిన ఉద్యోగాలకు ఈ డిగ్రీ పనికిరాదు. అటు మొగ్గున్న పిల్లవాడిని ఇటు తోయనక్కరలేదు. కానీ లెక్కలంటే గిట్టక, తండ్రి మాట తీసివేయలేక బీటెక్‌లో చేరి బ్యాక్‌లాగులు మోస్తున్నవారి ఫీజును సందేశం లెక్కలో వేయలేదు. రెండు వైపులా సంస్థలను అడగవలసిన ప్రశ్న ఒకటే: సగటు జీతం ఎంత అని కాదు, గత ఏడాది డిగ్రీ పూర్తిచేసినవారు ఎందరు, వారిలో ఉద్యోగం కోరినవారు ఎందరు, దొరికినవారు ఎందరు, పై చదువులకు వెళ్లినవారు ఎందరు అని. ఈ నాలుగు అంకెలూ రాతపూర్వకంగా ఇవ్వని సంస్థలో, అది ఇంజనీరింగు అయినా లిబరల్ ఆర్ట్స్ అయినా, అడ్వాన్సు కట్టవద్దు.